పాలసీలో నాన్న పేరు

నాన్న కారుకున్న రెండు హెడ్‌లైట్లలో ఒకటి పాతబడి పచ్చగా మసకేసింది. రెండోది నిన్న కొన్నట్టు తళతళలాడుతోంది. ఆదివారం మధ్యాహ్నం నాన్న ఇంటి ముందు తన చిన్న కారు ఆపి దిగిన ఎలెరి కంట్లో మొదట పడింది అదే. వంగి చూసింది. బంపరు కూడా కొత్తదే. రంగు కలిపినవాడెవడో పాపం బాగానే కష్టపడ్డాడు గానీ, ఆ నీలం వేరు, ఈ నీలం వేరు.

"ఏంటి నాన్నా ఇది? దేన్ని గుద్దావ్?"

ఇద్వల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఎండుద్రాక్ష కేకుల డబ్బా చంకలో పెట్టుకుని. కొండకి అవతల వృద్ధుల హోమ్‌లో ఉన్న భార్య బెటి దగ్గరికి రోజూ ఆ వేళకి బయల్దేరతాడు. ఆమెకి మొగుడు గుర్తున్నా లేకపోయినా కేకులు మాత్రం గుర్తే.

"గుద్దడమేంటే! హోమ్ గేటు స్తంభం. అసలే ఇరుకు గేటు. అక్కడికొచ్చే ప్రతివాడూ రాసుకునేదే."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. గుర్తు పెట్టుకోడానికి అదేమైనా పెళ్ళిరోజా? లోపలికి రా, టీ చల్లారిపోతోంది."

నలభై ఏళ్ళు ఆ వేల్సు లోయలో బస్సు నడిపిన మనిషి. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కూడా బస్సుకి గీత పడనివ్వలేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటివాడికి గేటు స్తంభం రాసుకుందంటే ఎంత నామోషీ! ఎలెరి ఇంకేమీ అడగకుండా లోపలికి నడిచింది. కానీ టీలో పాలు పోస్తుంటే మనసులో ఇంకోటి మెదిలింది.

ఆమె కారు పాలసీలో నాన్న పేరుంది. నిరుడు, ముప్పై ఏడేళ్ళ వయసులో, ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకి సేవ చేసే ఈ ఉద్యోగం కోసమే డ్రైవింగ్ నేర్చుకుంది. కొత్త డ్రైవరనేసరికి ఇన్సూరెన్సు కంపెనీ చెప్పిన ధరకి ఆమె గుండె జారింది. అదే కంపెనీ, అదే తెర మీద, ఎంతో ముద్దుగా ఇంకో ప్రశ్న వేసింది: అనుభవమున్న డ్రైవరు పేరు ఇంకోటి చేరుస్తారా? చేర్చింది. ధర దబ్బున దిగింది. ఆ కారు స్టీరింగు ఇద్వల్ ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ఆ లోయలో అందరూ చేసే పనే ఇది. మోకాళ్ళు వంగని అమ్మమ్మల పేర్లు మనవళ్ళ స్పోర్ట్స్ కార్ల పాలసీల్లో దర్జాగా ఉంటాయి. ఎవరికీ తప్పుగా తోచదు. కంపెనీకి అంతకన్నా తోచదు, డబ్బు కట్టించుకున్నన్నాళ్ళూ.

"నాన్నా, నా పాలసీలో నీ పేరుంది కదా. ఈ సంగతి వాళ్ళకి చెప్పాలేమో."

ఇద్వల్ కప్పు కింద పెట్టాడు. "ఎందుకూ? నా కారు, నా ఇన్సూరెన్సు, నా గేటు స్తంభం. మధ్యలో నీ కంపెనీకేం పని?"

"ఏమో. ఏమైనా జరిగితే చెప్పాలని రాసుందనుకుంటా."

"ఏప్రిల్లో రెన్యువల్ వస్తుంది. అప్పుడు వాళ్ళే అడుగుతారు. అడిగినప్పుడు చెప్దువు గాని. అడక్కుండా పోయి చెప్పేవాళ్ళని ఎక్కడైనా చూశావా?" ఆయన డబ్బా మూత తీసి ఒక కేకు ఆమె ముందుకి తోశాడు. "ఇవాళ చెప్పావే అనుకో, రేపు నా పేరు కొట్టేస్తారు. నా పేరు పోయిందంటే నీ కారు నీ జీతంతో నడవదమ్మాయ్. నీ మంచికే చెప్తున్నా."

ఆమె మంచికే. ఎలెరి ఆ కేకు తింది.

*

మంగళవారం పొద్దున్న మిసెస్ ప్రాసర్ ఇంట్లో ఇద్దరు మనుషుల పని. పెద్దావిడని మంచం మీంచి లేపి కుర్చీలోకి దించడానికి లిఫ్టు యంత్రం ఉంది. దాన్ని ఒక్కరే వాడకూడదు. ఎలెరి ఒకవైపు, తనతో పనిచేసే లౌరి ఇంకోవైపు నిలబడి ఆవిణ్ణి పక్కకి ఒత్తిగిలజేసి, వీపు కింద గుడ్డ జోలె పరిచారు. లౌరి ఎలెరి కన్నా పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం పదేళ్ళు పెద్దది.

"చెప్పెయ్యి," అంది లౌరి సంగతంతా విని, జోలె కొక్కేలు యంత్రానికి తగిలిస్తూ. "ఎవరి కారన్నది వాళ్ళకి అనవసరం. వాళ్ళకి కావలసింది మనిషి. మీ నాన్న పేరు నీ పాలసీలో ఉన్నంతకాలం, ఆయన ఊళ్ళో ఎవరి కారుతో ఏ గోడని గుద్దినా నువ్వు చెప్పాల్సిందే. మా అక్కా ఇలాగే తర్వాత చూద్దాంలే అని కూర్చుంది."

"ఏమైంది?"

"ఏమవుద్ది? ఇప్పుడు బస్సులో తిరుగుతోంది. అదీ, బస్సొస్తే."

"గేటు స్తంభమేగా లౌరీ."

"స్తంభమో, సామ్రాజ్యమో. కాళ్ళు చూసుకో."

యంత్రం మూలుగుతూ పెద్దావిణ్ణి గాల్లోకి లేపింది. ఎలెరి ఆవిడ మడమల కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. అక్కడి చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, మంచం అంచు తగిలితే చాలు లేచిపోతుంది.

"ఎవరూ, ఇద్వలా గుద్దింది?" అంది మిసెస్ ప్రాసర్ గాల్లో వేలాడుతూనే. "పెళ్ళికాక ముందు నుంచీ ఎక్కానమ్మా వాడి బస్సు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎక్కి గుడ్లబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఒక్కటీ పగిలేది కాదు. వాడి మీద నిందలేస్తే కళ్ళు పోతాయి."

"నిందేం లేదు మామ్మా. గేటు ఇరుకు."

"ఆఁ, అలా చెప్పు."

కుర్చీలోకి దించి, వీపు వెనక దిండు సర్ది, మడమలకి క్రీము రాసింది ఎలెరి. లౌరి టీలో చిక్కపరిచే పొడి కలిపింది, పల్చటిదైతే ఆవిడకి పొలమారుతుంది. ఆ తర్వాత తలోవైపూ పరుగు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కారులో పోయే సమయానికి జీతం లేదు కాబట్టి, ఆ సమయంలోనే తిండీ, ఆ సమయంలోనే ఏడుపూ కానివ్వాలి. ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేస్తే ముందు సంగీతం వినిపిస్తారు, అది ఎంతసేపో వాళ్ళకే తెలియదు. శుక్రవారం సెలవు. శుక్రవారం తీరిగ్గా చేస్తాను అనుకుంది ఎలెరి. నిజంగానే అనుకుంది. తర్వాత ఎవరూ నమ్మలేదు గానీ, నిజంగానే అనుకుంది.

*

గురువారం ఆమె ఒక ముసలాయనకి గడ్డం గీస్తుండగా వీధిలో చప్పుడైంది. చేతిలో రేజరుతోనే కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. పార్సిళ్ళ వ్యాను ఒకటి వెనక్కి వస్తూ వస్తూ, బుద్ధిగా గోడవారన ఆగి ఉన్న ఆమె కారు తలుపుని లోపలికి నొక్కేసింది.

డ్రైవరు మంచివాడే. తలగోక్కుంటూ నిలబడ్డాడు. "నాదే తప్పు తల్లీ. అద్దంలో చూళ్ళేదు. నా కంపెనీ వివరాలన్నీ రాసిస్తా, ఏం గొడవ లేదు."

నిజమే, ఏం గొడవుంటుంది? ఆమె అసలు కారులోనే లేదు. గడ్డం పని పూర్తిచేసి, ముసలాయన బుగ్గ తుడిచి, కారులో కూర్చుని కంపెనీకి ఫోన్ చేసింది. సంగీతం అయ్యాక ఒక కుర్రగొంతు పలికింది. ఎంత మర్యాదైన గొంతు! ముందుగా, దెబ్బలేమీ తగల్లేదు కదా అని అడిగాడు. తర్వాత వివరాలు రాసుకున్నాడు. తర్వాత కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత ఆ చప్పుడూ ఆగింది.

"మేడమ్, మీ పాలసీలో రెండో డ్రైవరుగా మీ తండ్రిగారున్నారు. ఆయనకి సెప్టెంబరులో ప్రమాదం జరిగినట్టు కంపెనీలన్నీ పంచుకునే రికార్డులో కనిపిస్తోంది. మీరు మాకు చెప్పలేదు."

"సెప్టెంబరా? అదీ... గేటు స్తంభం. ఆయన కారుతో. నాకు మొన్న ఆదివారమే తెలిసింది. రేపు చెబుదామనే..."

"గేటు స్తంభం కాదు మేడమ్. జీబ్రా క్రాసింగ్ దగ్గర ఆగి ఉన్న కారుని వెనక నుంచి ఢీకొట్టారు. అందులో ఇద్దరికి దెబ్బలు. ఎండ కళ్ళల్లో పడిందని ఆయనే తన కంపెనీకి అదేరోజు చెప్పారు."

వీధిలో వ్యాను డ్రైవరు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

"ఆదివారం తెలిసిందన్నారు కదా," అన్నాడు కుర్రాడు, "మరి సోమవారం ఎందుకు చెప్పలేదు?"

అదే అబద్ధమాడి ఉంటే? నాకసలేం తెలీదు బాబూ అని ఉంటే? బతికిపోయేదేమో. నిజం చెప్పి దొరికిపోయింది. కుర్రాడు ఎవరినో కనుక్కుని మళ్ళీ లైనులోకి వచ్చాడు. షరతులు ఉల్లంఘించారు కాబట్టి వచ్చే గురువారంతో పాలసీ రద్దవుతుందన్నాడు. తలుపు ఖర్చు వ్యాను కంపెనీ ఇస్తుందట, దానికేం ఢోకా లేదట. ఇకనుంచి ఏ కంపెనీ అడిగినా ఒకసారి రద్దయిందని చెప్పి తీరాలట. డబ్బు కట్టించుకునేటప్పుడు గుడ్డిదైన కంప్యూటరు, కొండకి అవతల ఎక్కడో జరిగిన ప్రమాదాన్ని ఇవాళ ఎంత చక్కగా చూసింది! చివర్లో, ఇంకేమైనా సాయం కావాలా అని కూడా అడిగాడు కుర్రాడు.

*

సాయంత్రం ఇద్వల్ వంటింట్లో బంగాళదుంపలు తొక్క తీస్తున్నాడు. కళ్ళతో కాదు, బొటనవేలితో తడుముకుంటూ. ఎలెరి కోటు కూడా విప్పలేదు.

"నాకేమో గేటు స్తంభం. వాళ్ళకేమో జీబ్రా క్రాసింగ్. ఏం నాన్నా?"

కత్తి ఆగింది.

"ఇద్దరికి దెబ్బలట. మెడలు పట్టేశాయట. అదేరోజు ఫోన్ చేసి చెప్పావట కూడా!"

"చెప్పాలి కదమ్మా. చెప్పకపోతే నేరం."

"వాళ్ళకి చెప్పకపోతే నేరం. మరి నాకు చెప్పకపోతే?"

ఇద్వల్ దుంపని నీళ్ళల్లో వేసి ఇంకోటి తీసుకున్నాడు. "వాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళు," అన్నాడు. "వాళ్ళకి చెప్పడం తేలిక."

"నా పాలసీ తీసేశారు నాన్నా. నా ఉద్యోగం పోతుంది. తెలుస్తోందా? నీ పరువు కోసం నా కూడు పోతోంది!"

ఆ మాట ఎక్కువైందని ఆమెకే తెలుసు. కానీ వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలనిపించనూ లేదు.

మర్నాడు, ఆ సెలవురోజునే, ఆఫీసుకి వెళ్ళింది. పనులు పంచే గ్లెండా ఓపిగ్గా విని బిస్కెట్ల ప్లేటు ముందుకి జరిపింది. ఎలెరి అప్పటికే వేరే కంపెనీలని అడిగి చూసింది. వాళ్ళు చెప్పిన ధరలకి కారు కోసం పనిచెయ్యాలి తప్ప, పని కోసం కారు కాదు.

"ఇన్సూరెన్సు లేని కారుతో నేను నిన్ను పంపలేనమ్మా. నడిచి వెళ్ళే ఇళ్ళన్నీ వేరేవాళ్ళకి ఇచ్చేశాను. బస్సుల సంగతి నీకు తెలుసు."

"అంటే తీసేస్తున్నారా?"

"ఛ ఛ, తీసెయ్యడమేంటి! అలాంటి మాటలనకు. పని వెయ్యడం లేదు, అంతే. ఎవరైనా తీసుకొచ్చి దింపుతానంటే చెప్పు, ఎప్పట్లాగే మిసెస్ ప్రాసర్ నీదే."

తీసెయ్యలేదు, పని వెయ్యలేదు. ఈ ఉద్యోగాల్లో ఇదొక సుఖం. ఎవరి చేతికీ రక్తం అంటదు.

"నేను దింపుతాను," అన్నాడు ఇద్వల్ ఆ రాత్రి భోజనం దగ్గర. రెండు రోజుల్లో ఆయన మొహం మీద మొదటిసారి వెలుగు కనిపించింది. "నా పాలసీకేం? లక్షణంగా ఉంది. ఇన్నేళ్ళ పాత కస్టమర్నని వాళ్ళు నన్ను కదిలించను కూడా లేదు. నలభై ఏళ్ళు ఈ లోయంతా దింపాను, కూతుర్ని దింపలేనా? పొద్దున్నే నీతో తిరుగుతా, మధ్యాహ్నం మీ అమ్మ దగ్గరికి పోతా."

ఏం చెయ్యాలి? వద్దంటే పని లేదు. ఎలెరి సరేనంది.

*

పాలసీ రద్దయ్యాక వచ్చిన సోమవారం పొద్దున్న సన్నగా జల్లు పడుతోంది. ఎలెరి నీలం చొక్కా, తెల్లబూట్లతో నాన్న పక్కన కూర్చుంది. ఇద్వల్ షర్టు మెడ గుండీ పెట్టుకున్నాడు, బస్సు నడిపిన రోజుల్లో లాగా.

మొదటి మలుపుదాకా బాగానే నడిపాడు. బాగా ఏంటి, అద్భుతంగా నడిపాడు. గేరు మారినట్టే తెలియలేదు. ఎక్కడ రోడ్డు సన్నబడుతుందో, ఎక్కడ మురుగు మూత పైకి లేచి ఉంటుందో అన్నీ ఆయన చేతులకి తెలుసు. కానీ తల స్టీరింగు మీదికి వంగి ఉంది. ఇప్పుడు లేని పాత బస్‌స్టాపు దగ్గర వేగం తగ్గించాడు. నిన్నటినుంచి రోడ్డు మీద పెట్టిన ఇనప అడ్డు పక్కనుంచి మాత్రం తగ్గకుండా పోయాడు. అద్దం దానికి వెంట్రుకవాసిలో తప్పింది. రోడ్డు ఆయనకి కంఠతా వచ్చు. రోడ్డు మీద కొత్తగా ఏముందో అది రాదు.

"నాన్నా, కొంచెం నెమ్మదిగా."

"ఈ రోడ్డు నాకు చెప్తావా?"

బడి ముందు, పసుపుపచ్చ కోటు వేసుకున్న పెద్దమనిషి పిల్లల్ని రోడ్డు దాటించడానికి గుండ్రటి బోర్డున్న కర్ర పట్టుకుని నడిమధ్యకి వచ్చి నిలబడ్డాడు. అంత పచ్చటి కోటు కొండమీంచి కూడా కనిపిస్తుంది. అతని వెనక చిన్నపిల్లలు ఇద్దరు, ఒకరి సంచి ఒకరు పట్టుకుని అడుగు వేశారు. ఇద్వల్ కాలు బ్రేకు మీదికి రాలేదు.

"నాన్నా! ఆపు! ఆపు!"

ఆమె హ్యాండ్‌బ్రేకు పట్టి లాగేసింది. కారు కీచుమని ఒక పక్కకి తిరిగి ఆగింది. పసుపు కోటు పెద్దమనిషి అరచెయ్యి బానెట్ మీద ఉంది. పిల్లలిద్దరూ అతని కాళ్ళని కరుచుకుపోయారు.

"నీకు కళ్ళు దొబ్బాయా ఇద్వల్!" అని అరిచాడతను. అతనూ ఆ బస్సు ఎక్కినవాడే.

ఇద్వల్ పెదాలు తడుపుకున్నాడు. "ఎండ," అన్నాడు. "ఎండ కళ్ళల్లో పడింది."

వైపరు ఒకసారి అటూ ఇటూ తిరిగింది. అద్దం మీద జల్లు మళ్ళీ పేరుకుంది.

"ఏ ఎండ నాన్నా?"

ఎలెరి ఎదురుగా ఆగి ఉన్న తెల్ల వ్యాను చూపించింది. "దాని నంబరు చదువు." ఆయన కళ్ళు చికిలించాడు. మొదటి అక్షరం అన్నాడు. తప్పు. రెండోది అనలేదు.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఎలెరి చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజిన్ ఆపేసింది.

"ఏం చేస్తావ్? నువ్వు నడపకూడదు," అన్నాడు ఇద్వల్ చిన్నగా. "నీకు ఇన్సూరెన్సు లేదు."

అవును. కనిపించే మనిషికి హక్కు లేదు. హక్కున్న మనిషికి కనిపించదు. రోడ్డు నడిమధ్యన ఏ లోపమూ లేని కారు. చివరికి ఎలెరి దిగింది, ఆయనా దిగాడు. పసుపు కోటు పెద్దమనిషి వెనక నుంచి ఒక చెయ్యి వేశాడు. ఇద్వల్ కిటికీలోంచి స్టీరింగు పట్టుకోగా, ముగ్గురూ ఆ కారుని నెట్టుకుంటూ తీసుకెళ్ళి గోడవారన పెట్టారు. హారన్లు కొట్టిన బళ్ళన్నీ వాళ్ళని చూసుకుంటూ ముందుకి పోయాయి.

ఎలెరి ముందు గ్లెండాకి ఫోన్ చేసింది. రాలేనని, లౌరి దగ్గరికి ఇంకెవరినైనా పంపమని చెప్పింది. గ్లెండా అయ్యో అంది. రేపటి సంగతి ఏంటని అడగలేదు, ఎలెరి చెప్పలేదు.

రెండో నంబరు వెతుకుతుంటే ఇద్వల్‌కి అర్థమైంది. "లైసెన్సు ఆఫీసుకా?"

"ఆఁ."

"అమ్మాయ్, ఫిబ్రవరిలో ఎలాగూ అది మళ్ళీ రాయించుకోవాలి. కళ్ళు బాగున్నాయా అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్దాం. ఈ లోపల ఎక్కడికీ పోను, మీ అమ్మ దగ్గరికి తప్ప. ఆ దారిలో బడి కూడా లేదు."

ఎలెరి ఫోను చెవికి ఆనించుకుంది.

"నేను పోకపోతే మీ అమ్మ దగ్గరికి ఎవరెళ్తారే? చెప్పు. కొండ దాటి ఒక్క బస్సు లేదు. ఎవరెళ్తారు?"

కళ్ళు తుడుచుకుని, ఫోనులో చెప్పిన నంబర్లు నొక్కుతూ పోయింది. ఒక ఆడగొంతు పలికింది. ఎవరి గురించి, ఏమవుతారు, ఏం గమనించారు అని అడిగింది. కూతుర్ని అంది ఎలెరి. చూపు లేదు అంది. ఎప్పుడు తెలిసింది అని అడిగింది గొంతు.

"ఇప్పుడే," అంది ఎలెరి. "ఇక్కడే. ఆయన నా పక్కనే ఉన్నారు."

ఆయన పేరు ఒక్కొక్క అక్షరమే చెప్పింది. ఇద్వల్ గోడకి ఆనుకుని, టోపీ చేత్తో పట్టుకుని వింటున్నాడు. జల్లుకి నెత్తిమీది నాలుగు వెంట్రుకలూ అతుక్కుపోయాయి.

పుట్టినతేదీ అడిగింది గొంతు.

"మే పన్నెండు, పంతొమ్మిది వందల నలభై ఏడు."

"నలభై ఆరు," అన్నాడు ఇద్వల్ గోడ దగ్గర్నుంచి. "సరిగ్గా చెప్పు. నలభై ఆరు."